ఎక్కేకొద్దీ తేలికయ్యే అంబాసిడర్

ఉదయం ఏడయ్యేసరికి బోరిగుమ్మ షావుకార్ల వీధిలో చింతపండు వాసన లేచేది. ఉమాపతి గోదాంలో పదిమంది ఆడవాళ్లు బారుగా కూర్చుని, వేసవిలో కొన్న కాయని వానాకాలం దాకా కొడుతూనే ఉండేవారు. డొల్ల ఒక పక్క, గింజ ఒక పక్క, పీచు ఒక పక్క. అందరిలోకీ సుబ్బులు చెయ్యి చురుకు. పార్వతీపురం అవతలి పల్లె నుంచి ఈ ఒరిస్సా ఊరికి కాపరానికి వచ్చిన మనిషి. మొగుడు లారీ మీద రాయపూర్ పోయి అక్కడే ఇంకో కాపరం పెట్టేడని తెలిసిన రోజు ఒక్క పూట ఏడ్చింది. మర్నాడు ఏడింటికి గోదాంలో ఉంది.

గోదాంకి రాకముందే ఆమెకి ఇంకో పని ఉండేది, కూతురు బుజ్జిని చంకనెత్తుకుని బడిలో దింపడం. బుజ్జికి పన్నెండో ఏడు నడుస్తోంది. రెండో ఏట జ్వరమొచ్చి ఎడమకాలు పడిపోయింది. మోకాలు వంగింది వంగినట్టే ఉండిపోయింది. అరచెయ్యి తొడ మీద ఆనించుకుని ఇంట్లో గెంతుతూ తిరుగుతుంది గాని, బడి దాకా అలా పోలేదు. పిల్లకి కాలి లోటు నోటితో తీరింది.

"అమ్మా, నేనెక్కువ బరువా, సింతపండు బస్తా ఎక్కువ బరువా?"

"బస్తాయే తేలిక. అది నోరు మూసుకుంటాది."

"నన్నూ కుట్టెయ్యి మరి."

"సూది దొరకట్లేదు. దొరికితే సూస్తాను."

వీధి చివర రేకుల షెడ్డులో తెల్ల అంబాసిడర్ ఒకటి ఉండేది. అది మొదట లక్ష్మీనరసింహం గారిది. వాళ్ల తాతల కాలం నుంచీ జయపురం ఎస్టేటులో పెద్ద ఉద్యోగాలు చేసిన కుటుంబం. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరు. తొంభై నాలుగులో భువనేశ్వరం బదిలీ అయినప్పుడు, కారుని వీధిలోని ఏడు షావుకారు ఇళ్లకీ కలిపి అమ్మేసి వెళ్లిపోయేడు. తాళం చెవి ఇస్తూ ఒకే ఒక్క మాట చెప్పేడు. "దీన్ని ఒంటరిగా నడపకండి. బరువెక్కుతుంది."

ఆ కారు స్వభావం అది. ఎక్కే మనుషులు పెరిగేకొద్దీ తేలికయ్యేది. ఒక్కడే ఎక్కితే నాపరాళ్లు వేసుకున్న ఎడ్లబండిలా మూలిగేది, పెట్రోలు కుండతో తాగేది. అదే పదిమంది ఎక్కితే చెంచాడు పెట్రోలుతో జయపురం పోయొచ్చేది. లక్ష్మీనరసింహం గారింట్లో పెళ్లికి పధ్నాలుగుమంది ఎక్కితే తడి రోడ్డు మీద చక్రాల గుర్తులు పడలేదు. దారికడ్డంగా పడుకున్న కోడి కారు వెళ్లిపోయేక లేచి, రెక్కలు దులుపుకుని పక్కకి పోయింది. ఇది వీధిలో అందరికీ తెలిసిందే. కొన్ని గేదెలు ఒకరి చేతికే పాలిస్తాయి, ఇదీ అలాంటిదే అనుకునేవారు.

ఏడిళ్లవాళ్లకి ఉమాపతి పెద్ద. మంచి మనిషే. షెడ్డు మీద తన చేత్తో "వీధి కారు, అందరికీ" అని రంగుతో రాయించేడు. ఆ తరవాత రూల్స్ పెట్టేడు. కారు కావలసినవాళ్లు ముందురోజు సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిలోగా ఆయన కొట్టుకి ఫోన్ చెయ్యాలి. ఏడిళ్లలో ఎవరో ఒకరు పూచీ ఉండాలి. ఒకరికిచ్చిన రోజు ఇంకొకరికి ఇవ్వకూడదు. అడిగితే, రూల్స్ అందరికీ ఒకటే అనేవాడు. నిజమే, అందరికీ ఒకటే. కాకపోతే వీధిలో సొంత ఫోన్లున్నవి ఆ ఏడిళ్లలోనే. గోదాం ఆడవాళ్లలో ఆ కారు ఎక్కినవాళ్లు ఒక్కరూ లేరు.

ఏడిళ్లవాళ్లు కూడా దాన్ని ఇద్దరేసి, ముగ్గురేసి ఎక్కేవారు. షావుకారు కుటుంబం ఇంకో షావుకారు కుటుంబంతో ఇరుక్కుని కూర్చోదు. దాంతో బరువెక్కి కారు కింది కమానులు విరిగేవి. ఆఖరికి ఉమాపతి ఒక ఉపాయం ఆలోచించేడు. బతుకంతా తక్కెడ దగ్గర గడిపినవాడికే తట్టే ఉపాయం అది. నలుగురు మనుషుల ఎత్తు చింతపండు సరిగ్గా తూచి, బస్తాలకెత్తించి వెనకసీటులో కూర్చోబెట్టించేడు. కారు వీధిమధ్యలో తలుపుల దాకా భూమిలోకి దిగబడింది. లాగడానికి నాలుగు జతల ఎడ్లు కావలసొచ్చేయి.

"తూకంలో తేడా వచ్చుంటాది," అన్నాడు ఉమాపతి.

"తేడా రాలేదు షావుకారూ, నేనే తూచేను," అన్నాడు డ్రైవరు లక్ష్మణుడు. "దానికి సింతపండంటే పడదు కాబోలు."

ఆ సంగతి అక్కడితో వదిలేసేరు.

ఏటా సెప్టెంబరులో కటక్ నుంచి ఎముకల డాక్టర్లు కొరాపుట్ వచ్చి, ఒక బడిలో మకాం పెట్టి, కాళ్లు పడిపోయిన పిల్లలకి ఆపరేషన్లు చేసేవారు. మొదటిరోజు ఉదయం పది వరకే పేర్లు రాసుకుంటారు. క్రితం ఏడాది సుబ్బులు బుజ్జిని ఎత్తుకుని బస్సు కోసం నిలబడింది. మొదటి బస్సు ఆపలేదు. రెండో బస్సు కండక్టరు ఆ కాలు చూసి, ఎక్కేసరికి ఆలస్యమవుతుందని ఈల ఊదేసేడు. మూడో బస్సులో చేరేసరికి పదకొండున్నర. అక్కడి డాక్టరు పుస్తకం మూసేసి కూడా పిల్ల మోకాలు పట్టి చూసేడు.

"వచ్చే ఏడు తప్పకుండా తీసుకురా. అదే ఆఖరు. ఆపైన ఎముక ఇలాగే బిగుసుకుపోతుంది. అప్పుడు మేమేమీ చెయ్యలేం."

ఆ వచ్చే ఏడు వచ్చేసింది. తొంభై ఏడు సెప్టెంబరు. పదిరోజులుగా వాన. రేపు ఉదయమే పేర్లు. సాయంత్రం పని దిగేక సుబ్బులు చేతులు కడుక్కుని గోదాంలోంచి కొట్టులోకి వచ్చింది. ఉమాపతి గద్దె మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే ఎర్ర ఫోను.

"బాబూ, రేపు కారు కావాలి. బుజ్జిని కొరాపుట్ తీసుకెల్లాలి."

ఉమాపతికి బుజ్జి సంగతి తెలుసు. ఇబ్బందిగా కదిలేడు. "ఫోన్ చెయ్యాలి సుబ్బులూ. రూలు."

"ఎదురుగా ఉన్నాను కదా బాబూ."

"ఎదురుగా వచ్చినోళ్లకల్లా ఇస్తే రేపు ఊరంతా ఎదురుగా వస్తాది. రూలు రూలే."

సుబ్బులు వెనక్కి తిరిగింది. గొడుగు లేకుండానే రోడ్డు దాటి ఎదుటి ఎస్టీడీ బూతులోకి వెళ్లింది. కొట్టులో ఫోను మోగింది. ఉమాపతి ఎత్తేడు. అద్దం వెనక నుంచి సుబ్బులు ఆయన్నే చూస్తోంది. ఆయనా ఆమెనే చూస్తున్నాడు.

"హలో, ఎవరు?"

"నేను బాబూ, సుబ్బుల్ని."

"ఏటి కావాలి?"

"రేపు కారు కావాలి బాబూ. కొరాపుట్."

ఉమాపతి పుస్తకం తిప్పేడు. తిప్పకపోయినా ఆయనకి తెలుసు. "రేపు కారు నాదే. కొరాపుట్లో మా తోడల్లుడింట్లో భోజనాలు. పొద్దున్నే ఎల్లిపోతన్నాను."

"మీరెల్తన్నదీ కొరాపుటే కదా."

"అవును."

"ఎనకసీటు కాళీయే కదా."

ఉమాపతి పుస్తకం మూసేడు. వెనక నుంచి ఆయన భార్య చిలకమ్మ గొంతు వినపడింది. "మొన్ననే సీట్లకి కొత్త గుడ్డ వేయించేను. చింతపండు చేతుల్తో ఎక్కుతారా ఏటి?"

"ఒకరికిచ్చిన రోజు ఇంకొకరికి ఇవ్వకూడదని రూల్లో ఉంది సుబ్బులూ," అన్నాడు ఉమాపతి.

"ఇవ్వొద్దు బాబూ. కారు మీదే. మేం మీతో వస్తాం. కూడా రాకూడదని రూల్లో ఉందా?"

ఉమాపతి ఆలోచించేడు. రూల్స్ రాసింది తనే. అలాంటిది రాయలేదు. "లేదు," అన్నాడు.

"పూచీ మీరే ఉండండి మరి. అయిదింటికి షెడ్డు దగ్గరుంటాను." ఫోను పెట్టేసింది. చిలకమ్మ ఏదో అనబోయింది గాని ఉమాపతి ఫోను కేసి వేలు చూపించేడు. "ఫోన్ చేసింది కదే!"

తెల్లవారుజామున అయిదింటికి నలుగురూ బయల్దేరేరు. ముందు లక్ష్మణుడు, ఉమాపతి. వెనక సుబ్బులు, బుజ్జి. సుబ్బులు తన పాత చీర సీటు మీద పరిచి దాని మీద కూర్చుంది. బుజ్జి కారెక్కడం అదే మొదలు. కిటికీ అద్దం తిప్పే పిడి పట్టుకుని వదల్లేదు.

"అమ్మీ, అది తిప్పితే నా జీతం కోసేస్తారు," అన్నాడు లక్ష్మణుడు.

"నీ జీతం దీన్లోంచే వస్తాదా మావా?"

"నీకు కాలుకి కాదే ఆపరేషను, నోటికి సెయ్యాలి."

జయపురం దాటి ఘాట్ మొదట్లోకి వచ్చేసరికి ఆరున్నరయింది. అక్కడ రోడ్డు నిండా లారీలు, రెండు బస్సులు, వాటి చుట్టూ మనుషులు. నాలుగో మలుపు దగ్గర కొండ జారి రోడ్డు మీద కూర్చుంది. రోడ్డు మనుషులు పారలు పట్టుకుని వచ్చేరు గాని, మట్టి రెండు మేడల ఎత్తుంది. మధ్యాహ్నం దాకా తెరుచుకోదని చెప్పేసేరు. నడిచి ఎక్కుదామన్నా కొండ ఇంకా జారుతూనే ఉంది, ఎవర్నీ పోనివ్వడం లేదు. ఎక్కినవాళ్లు నలుగురే కావడంతో కారు బురదలో సగం చక్రం దాకా దిగబడింది.

ఉమాపతి గడియారం చూసుకున్నాడు. "ఎనక్కి పోదాం లక్ష్మణా. భోజనం ఇంకోసారి తినొచ్చు."

సుబ్బులు కిటికీలోంచి బస్సుల కేసి చూస్తోంది. అక్కడ అల్లం గంపలతో కొండ ఊళ్ల దేశియా ఆడవాళ్లు ముగ్గురున్నారు. చంటిపిల్లని గుడ్డలో చుట్టుకుని ఒకామె వానకి వంగి నిలబడింది. ఫైలు ఛాతీకి హత్తుకుని ఒక గుమాస్తా, పొది పట్టుకుని ఒక మంగలి, చేతికర్రతో ఒక ముసలాయన. అందరూ కొండ కేసే చూస్తున్నారు, చూస్తే దారి వస్తుందన్నట్టు.

"బాబూ, ఆళ్లని ఎక్కిద్దాం," అంది.

"ఎవర్నే?"

"ఆళ్లందర్నీ."

"నీకు మతిపోయిందా? ముక్కూ మొహం తెలీనోళ్లని. రేపు కమిటీకి నేనేటి సెప్పాలి?"

"మడుసులెక్కితే ఇది తేలికవుతాది కదా."

"అవుతాది. పధ్నాలుగుమందికి జానెడు లేచిందంటారు. కొండ దాటాలంటే ఎంతమంది కావాలి? ఎంత బరువు కావాలో ఎవడికి తెలుసు?"

"బరువు కాదు బాబూ." ఆమె కారు దిగిపోయింది. వానలో నిలబడే మాటాడింది. "పన్నెండేళ్లుగా బస్తాల్నీ మోస్తన్నాను, దీన్నీ మోస్తన్నాను. నాకు తెలుసు. బస్తాకి ఎక్కడికీ ఎల్లాలని ఉండదు. ఎక్కడ పెడితే అక్కడుంటాది. అందుకే మీ సింతపండుకి దిగబడిపోయింది. మడిసికి ఎల్లాల్సిన సోటు ఉంటాది. అది ఎంత గట్టిగా ఉంటే కారు అంత తేలిక."

ఉమాపతి లక్ష్మణుడి కేసి తిరిగేడు. సుబ్బులు అప్పటికే బస్సుల దగ్గరుంది.

ఎవరూ ఇదేం వింత అనలేదు. కొండెక్కడానికి ఎంత తీసుకుంటావని మాత్రం అడిగేరు. ఏమీ వద్దంటే అనుమానపడ్డారు. అల్లం గంపలావిడ, అందరిలోకీ పెద్దది, "కొరాపుట్ జిబా? పోతాదా?" అని రెండుసార్లు అడిగి, సుబ్బులు తలూపేక గంపతో సహా ముందుసీట్లో కూర్చుంది. ఉమాపతి దిగి గొడుగేసుకుని పక్కన నిలబడవలసి వచ్చింది. చంటిపిల్లతో ఉన్నామెకి పిల్ల జ్వరం భయం. గుమాస్తాకి ఆ రోజే కొత్త ఉద్యోగంలో చేరే గడువు. మంగలికి పెళ్లికొడుకు గెడ్డం. ఎక్కినవాళ్లెక్కినట్టే చక్రాలు బురదలోంచి నెమ్మదిగా పైకొచ్చేయి. లోపల పన్నెండుమంది, డిక్కీలో ఇద్దరు, టాపు మీద నలుగురు. చక్రం కింద గడ్డిపోచలు నిటారుగా లేచి నిలబడ్డాయి.

చేతికర్ర ముసలాయన తన మేకని కూడా ఎక్కించేడు. కోర్టులో వాయిదా ఉంది, మేక వకీలుకి ఫీజు. మేక ఎక్కగానే కారు దబ్బుమని నేలకి తగిలింది.

"వకీలు కాడికెల్లాలని మేకకెందుకుంటాది," అన్నాడు లక్ష్మణుడు. "దించండి దాన్ని."

మేకని దించేరు. కారు మళ్లీ మోచేతెత్తు లేచి, గాలికి కొంచెం ఊగింది. ఉమాపతి గొడుగు మూసి, తలుపు పక్కన ఉన్న చారెడు చోటులో కాలు పెట్టేడు. కారు చతికిలబడింది.

ఆయన కాలు తీసేడు. కారు లేచింది. మళ్లీ పెట్టేడు. చతికిలబడింది. ఎవరూ ఆయన మొహం చూడలేదు. అందరూ ఒకేసారి కొండ కేసి చూడటం మొదలెట్టేరు.

"షావుకారూ," అన్నాడు లక్ష్మణుడు మెల్లిగా, "తమరికి కొరాపుట్లో పనేటి?"

"భోజనం," అన్నాడు ఉమాపతి. చెప్పేక ఆ మాట ఆయనకే చిన్నగా వినిపించింది. కారు తనది. పెట్రోలు తనది. సీటు గుడ్డ తన భార్య వేయించింది. గంట ఏడున్నర దాటుతోంది. వెనకసీట్లో సుబ్బులు ఆయన కేసి చూస్తోంది. బతిమాలడం లేదు, ఊరికే చూస్తోంది. ఒడిలో బుజ్జి కాలు మడతపెట్టిన గొడుగులా ఉంది.

ఆయన ముసలాయన చేతిలోంచి మేక తాడు తీసుకున్నాడు.

"నేనిక్కడుంటాను. లక్ష్మణా, పదిలోపు. తెలిసిందా? పదిలోపు."

కారు లేచింది.

మొదట గొడుగు ఎత్తు, తరవాత బస్సు ఎత్తు, ఆపైన మర్రిచెట్ల ఎత్తు. ఇంజను చప్పుడు పలచబడి పలచబడి ఆగిపోయింది. వాన చప్పుడు మాత్రం మిగిలింది. జారిన కొండ వాళ్ల కింద నుంచి పోయింది, ఎర్రగా, తెరిచిన పుండులా. దాని అంచున వేళ్లు పైకి తేలిన సాలచెట్టు ఒకటి ఇంకా నిలబడే ఉంది. ఆ తరవాత మబ్బులోకి వెళ్లేరు. ఎవరి మొహం ఎవరికీ కనపడలేదు. అల్లం వాసన, తడి కంబళ్ల వాసన, చంటిపిల్ల పాల వాసన. సుబ్బులు తన గుండె చప్పుడు వింటోందో, పక్కామెదో తెలియలేదు.

మబ్బు దాటి పైకి వచ్చేసరికి ఎండ. పదిరోజులుగా కనపడని ఎండ. కింద మబ్బంతా దూది ఏకి ఆరబోసినట్టుంది. కొండల తలలు మాత్రం అక్కడక్కడ నల్లగా పైకున్నాయి, చెరువులో గేదెల వీపుల్లా. మబ్బు మీద వాళ్ల కారు నీడ పాకుతోంది. టాపు మీద కాళ్లు వేలాడేసుకున్న నలుగురి నీడా దానిమీదే ఉంది. ఆ నీడ చుట్టూ సన్నగా ఇంద్రధనుస్సు సున్నా చుట్టుకుంది. ఆ సున్నా వాళ్లతోనే వచ్చింది, ఎక్కడా వదల్లేదు. పెద్ద గంపలావిడ చేతులు జోడించింది. ఎవరికో ఆమె చెప్పలేదు, ఎవరూ అడగలేదు. గుమాస్తా ఫైలు ఒళ్లో పెట్టుకోవడం మరిచిపోయి గాల్లో పట్టుకునే ఉన్నాడు.

చంటిపిల్ల తల్లి ఒక్కతే మాటాడింది. "ఆ అద్దం ఎయ్యండి. పిల్లకి సలి."

బుజ్జి పిడి తిప్పి అద్దం ఎత్తింది. నోరున్న పిల్ల, కొరాపుట్ వచ్చేదాకా ఒక్క మాట అనలేదు.

లక్ష్మణుడికి మాత్రం అలవాటు పోలేదు. ఆ శూన్యంలో కూడా కింద మలుపు ఎక్కడుంటుందో అక్కడ స్టీరింగు తిప్పేడు, ఎదటి నుంచి ఎవరొస్తారో అన్నట్టు హారను కొట్టేడు. అలా పదకొండు మలుపులు తిరిగేక మబ్బు చీలి, కొరాపుట్ గుట్ట మీద జగన్నాథుడి తెల్లని గుడి కనపడింది. కారు బస్టాండు వెనక, ఎవరి మీదా బురద చిందకుండా దిగింది. ఏడూ యాభై అయిదు.

ఎవరి పనికి వాళ్లు పరుగెత్తేరు. పెద్ద గంపలావిడ పోతూ పోతూ బుజ్జి ఒళ్లో ఒక అల్లం కొమ్ము పడేసి పోయింది.

బడి వరండాలో వరసలో ఆరుగురే ఉన్నారు. ఘాట్ మూసేయడంతో కింద ఊళ్లవాళ్లు రాలేదు. డాక్టరు క్రితం ఏటి మనిషే. బుజ్జిని బల్ల మీద పడుకోబెట్టి మోకాలు వంచి చూసేడు, మడమ నొక్కి చూసేడు. ఆ మడమ చర్మం చంటిపిల్ల మడమలా మెత్తగా ఉంది. ఎప్పుడూ నేల తగలనిది. ఆ కాలికి వేళ్ల కొసలే నేల తగిలేవి.

"ఇంకో ఆరునెలలు ఆగుంటే నేను చెయ్యి పెట్టేవాణ్ణి కాదు," అన్నాడు. పేరు రాసుకుంటూ, "ఘాట్ మూసేరన్నారే, ఎలా వచ్చేరు?" అని అడిగేడు.

"కార్లో బాబూ. పైనించి."

"ఊఁ. ఊరు?"

"బోరిగుమ్మ."

ఏడో నంబరు పడింది. సుబ్బులు ఆ చీటీని కొంగుకి ముడేసుకుని, ముడి మీద ఇంకో ముడేసింది.

లక్ష్మణుడు కిందకి ఎలా పోవాలా అని బస్టాండులో నిలబడ్డాడు. ఒక్కడే ఎక్కితే కారు కదలదు. చివరికి "జయపురం, బోరిగుమ్మ, పనున్నోళ్లు రండి, పనున్నోళ్లే రండి" అని అరిచేడు. అయిదు నిమిషాల్లో నిండిపోయింది.

ఘాట్ మొదట్లో దిగేసరికి అతనికి తన కళ్ల మీద నమ్మకం పోయింది. ఆకాశంలో ఎగిరినప్పుడు కూడా అంత ఆశ్చర్యపోలేదు. ఉమాపతి షావుకారు మేకని బస్సు చక్రానికి కట్టేసి, పంచె ఎగ్గట్టి, తడిసి ముద్దయి, జనాన్ని వరసగా నిలబెట్టేడు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, "నీకు కొరాపుట్లో పనేటి? ఆగితే ఏటవుతాది?" అని అడిగి మరీ నిలబెట్టేడు. లారీ ఓనరు ఒకాయన తనని ముందు ఎక్కించమని, రెట్టింపు ఇస్తానని వెంటపడుతున్నాడు. వరస మొదట్లో, తల్లుల చంకల్లో, కాళ్లు పడిపోయిన పిల్లలు ముగ్గురున్నారు.

"ఈళ్లు ముందు," అన్నాడు ఉమాపతి. "పదిలోపు."

"తమరో?"

"నాకేం పని లేదు కదా. పో!"

ముసలాయన వకీలు ఆ రోజు మేక లేకుండానే వాదించేడు.

ఆ ఆదివారం ఏడిళ్ల కమిటీ కూర్చుంది. ఫోను రూలూ, పూచీ రూలూ కొట్టేస్తున్నానని ఉమాపతి చెప్పేడు. సోమవారం, గురువారం అయిదింటికి కారు కొరాపుట్ పోతుంది. వచ్చి నిలబడితే చాలు. ఆగలేని పనున్నవాళ్లు ముందు. చెంచాడు పెట్రోలు అందరూ పంచుకుంటే ఒక్కొక్కరికి టీ ఖర్చు కూడా కాదు, అదీ లేనివాళ్లు ఊరికే రావచ్చు.

"మరి వాటాదార్లం మేమో?" అన్నాడు ఒకాయన.

"ఎక్కండి, ఎవరొద్దన్నారు? పనుంటేనే అది లేస్తాది. పరువు పోగొట్టుకోవాలనుంటే పని లేకుండా ఎక్కండి. నేను ఎక్కి చూసేను."

చిలకమ్మ సీట్ల కొత్త గుడ్డ విప్పి ఇంటికి తీసుకుపోయింది. ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఆపరేషనయ్యేక బుజ్జి తొడ నుంచి పాదం దాకా పిండికట్టుతో పదిరోజులకి ఇంటికొచ్చింది. మళ్లీ ఆరువారాలకి, కార్తీకమాసంలో ఒక గురువారం, కట్టు కోయించడానికి తల్లీ కూతుళ్లు కారెక్కేరు. కొరాపుట్ పెద్దాసుపత్రిలో కట్టు కోసే మనిషి రంపంతో పిండి చీల్చి, రెండు చిప్పలూ విప్పేడు. లోపలి కాలు సన్నగా, పాలిపోయి, తిన్నగా ఉంది. అంత తిన్నటి కాలు తన కూతురిదని సుబ్బులు వెంటనే నమ్మలేదు. పైకీ కిందకీ రెండుసార్లు చూసింది.

"నిలబెట్టు," అన్నాడతను. "భయం లేదు. ఎత్తుకోకు, ఊరికే పట్టుకో."

సుబ్బులు బుజ్జి చంకల కింద చేతులు వేసి బల్ల మీంచి దింపింది. ముందు కుడికాలు. ఆ తరవాత ఎడమకాలి వేళ్లు. బుజ్జి తల్లి జబ్బలు గోళ్లు దిగేలా పట్టుకుంది. పాదం మెల్లిమెల్లిగా వెనక్కి వాలింది. మడమ గచ్చుకి తగిలింది.

బుజ్జి ఉలిక్కిపడి కిందకి చూసింది.

"అమ్మా! నేల సల్లగుంది."

"కార్తీకం కదే. సల్లగా కాక ఎలాగుంటాది," అంది సుబ్బులు.

అనేసి, కూతుర్ని ఒక చేత్తో పట్టుకునే, తన కాలి చెప్పు విడిచి పక్కకి నెట్టింది. మడమ ఆనించి చూసింది. నిజమే, చల్లగా ఉంది.